మోటారుకారునకు దెబ్బ తగిలినప్పుడు భీమా సొమ్ము కోరుటయా, స్వయముగా మరమ్మతు చేయించుటయా?

మన సంఘ సభ్యులలో పెక్కుమంది ఇండ్ల ముందర నేడు మోటారుకారు నిలిచియున్నది. కొందరు తమ పంట సొమ్ముతోనే కొనిరి. తక్కినవారి కుమారులో అల్లుండ్రో హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములందలి కంపెనీలలో ఉద్యోగము చేయుచు కొని, పండుగలకు దానిలో గ్రామమునకు వచ్చుచున్నారు. ఆ ప్రాంతమంతయు ఒకప్పుడు బండరాళ్ళును, చెరువులును, మెట్టచేలును గల తావు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ యను పేర అది వేరొక లోకమైనది. కారునకు దెబ్బ తగులుటకు అంతకన్న అనువైన చోటు మరియొకటి లేదని అచ్చట సాయంకాలమున ఒక్కసారి నడపినవారెల్ల ఒప్పుకొందురు.

నేను వ్యవసాయ ప్రదర్శకుడను గాని యంత్రజ్ఞుడను గాను. అయినను ఈ విషయము వ్రాయుటకు ఒక కారణము కలదు. క్రిందటి మాసమున చేవెళ్ళ వైపు కూరగాయల మళ్ళు చూచుటకు పోయినప్పుడు, విత్తనమును గూర్చి మాటలాడుచుండిన సభ్యుడొకరు మాట మార్చి, “అయ్యా, మావాని కారు వెనుక సొట్టపడినది. భీమా ఉన్నది. సొమ్ము కోరవలెనా, చేతి డబ్బుతో బాగుచేయించుకొనవలెనా?” అని అడిగిరి. అట్టి ప్రశ్నకు లెక్క కట్టి చూచుట నాకు అదివరకే ఒకమారు తటస్థించినది. నా మేనల్లుడు హైటెక్ సిటీలో పనిచేయుచున్నాడు. తన కార్యాలయపు సెల్లారులో కారును వెనుకకు నడపుచు స్తంభమునకు తగిలించెను. తప్పు వానిదే; మరియొకరిని నిందించుటకు వీలు లేదు. షెడ్డుకు తీసికొనిపోగా అచ్చటి గుమాస్తా, “భీమా ఉన్నది గదా, మీకేమి ఖర్చు?” అనెను. ఆ మాట నిజమా అని మేమిద్దరము ఒక రాత్రి కాగితము, పెన్సిలు పట్టుకొని కూర్చుంటిమి. ఆ లెక్కయే ఇచ్చట వ్రాయుచున్నాను.

మొట్టమొదట పాలసీ కాగితము తీసి చూడవలెను. మోటారు భీమా రెండు భాగములు. ఒకటి, మన కారువలన ఇతరులకు కలిగిన హానిని గూర్చినది. 1988 మోటారు వాహనముల చట్టము 146వ విభాగము ప్రకారము ఇది లేనిదే బండి రోడ్డెక్కరాదు. రెండవది, మన కారునకు కలిగిన నష్టమును గూర్చినది. ఇది నిర్బంధము కాదు. 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి, సుప్రీము కోర్టు ఉత్తరువు ననుసరించి, క్రొత్తకారునకు మొదటి భాగము మూడేండ్లకు ఒక్కసారే తీసికొనవలసి యున్నది. రెండవ భాగము సామాన్యముగా ఏటేట తీసికొనుచుందురు. కాగా “మూడేండ్లకు భీమా కట్టితిమి” అని నిశ్చింతగా నున్నవారు కొందరు, తమ కారు నష్టమునకు గల భాగము ఏడాదికే ముగిసినదని స్తంభమునకు తగిలిన తరువాతనే తెలిసికొనుచున్నారు. రెండవ భాగము లేనివానికి ఈ వ్యాసములోని ప్రశ్నయే లేదు. చేతి డబ్బే గతి.

రెండవ భాగము ఉన్నవాడు తెలిసికొనవలసినది, బిల్లు మొత్తమంతయు కంపెనీ ఇయ్యదని. పాత వస్తువు స్థానమున క్రొత్త వస్తువు వేసినప్పుడు, పాతదానికి ఎంత అరుగుదల కలిగెనో అంత మేరకు తగ్గించి ఇత్తురు. దీనిని తరుగుదల యందురు. రబ్బరు, నైలాను, ప్లాస్టికు వస్తువులకును, టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకును నూటికి 50 తగ్గింతురు. ఫైబరు గ్లాసునకు నూటికి 30. అద్దమునకు తరుగు లేదు. ఇనుప భాగములకు కారు వయస్సును బట్టి తగ్గింపు ఉండును: మొదటి ఆరు మాసములలో ఏమియు లేదు, మూడేండ్లు దాటి నాలుగేండ్ల లోపు నూటికి 25, అయిదేండ్లు దాటి పదేండ్ల వరకు నూటికి 40, అటుపై 50. రంగు వేయుటకైన ఖర్చులో నాలుగవ వంతు రంగు ఖరీదని ఎంచి, అందులో సగము తగ్గింతురు. కూలికి తరుగు లేదు. ఇవియన్నియు పోగా, ప్రతి క్లెయిములోను మొదటి కొంత సొమ్ము మనమే భరింపవలెను. ఇంజను 1500 సీసీలకు మించని కారునకు అది 1,000 రూపాయలు, మించినదానికి 2,000.

నేటి బంపరులు ప్లాస్టికువి. దీపముల తొడుగులు ప్లాస్టికువి. పట్టణములో నిదానముగా కదలుచు తగులు దెబ్బలన్నియు ముందుగా వీనికే తగులును. అనగా నూటికి 50 తరుగు గల వస్తువులే మొదట విరుగును.

మా మేనల్లుని కారు మూడేండ్లు నిండి నాలుగవ ఏట నడచుచున్నది; ఇంజను 1500 సీసీలకు లోపు. షెడ్డువారు వేసిన అంచనా ఇది: వెనుక బంపరు క్రొత్తది 6,000, వెనుక దీపము 4,000, డిక్కీ తలుపు సొట్ట తీయు కూలి 4,000, రంగు 8,000, మొత్తము 22,000 రూపాయలు. ఇందులో బంపరునకు 3,000, దీపమునకు 2,000, రంగునకు 1,000, మనము భరింపవలసిన మొదటి భాగము 1,000. మొత్తము 7,000 మన చేతినుండి పోవును. కంపెనీ ఇచ్చునది 15,000. ఇంతవరకు గుమాస్తా చెప్పినది పూర్తిగా నిజము కాకపోయినను, 15,000 వచ్చుట మంచిదే గదా అని తోచును. మాకును అట్లే తోచినది.

అయితే లెక్క అచ్చట ముగియదు. ఏడాది పొడుగున సొమ్ము కోరనివానికి మరుసటి ఏట ప్రీమియములో తగ్గింపు ఇత్తురు. దీనికి నో క్లెయిము బోనసు అని పేరు. ఒక ఏడు కోరనిచో నూటికి 20, రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, అయిదేండ్లకు 50. ఈ తగ్గింపు మన కారు నష్టమునకు కట్టు ప్రీమియముమీదనే గాని ఇతరుల హానికి కట్టు ప్రీమియముమీద లేదు. ఒక్కసారి సొమ్ము పుచ్చుకొన్నచో, అది 5,000 అయినను 5,00,000 అయినను, మరుసటి ఏట బోనసు సున్నకు దిగును. తిరిగి మొదటి మెట్టునుండి ఎక్కవలెను. ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు. ఒక్క ఏటి తగ్గింపు మాత్రమే పోవునని తలంతురు. నిజమునకు పై మెట్టు చేరువరకు ఏటేటను కొంత కొంత పోవుచునే యుండును.

మా వాడు ప్రస్తుతము 35 వంతు మెట్టుమీద నున్నాడు. కోరకున్నచో వచ్చు ఏండ్లలో వరుసగా 45, 50, 50, 50, 50 రావలెను. కోరినచో 0, 20, 25, 35, 45 వచ్చును. తేడాలు 45, 30, 25, 15, 5. కూడగా 120. అనగా ఒక ఏటి పూర్తి ప్రీమియముకంటె అయిదవ వంతు ఎక్కువ సొమ్ము అయిదేండ్లలో పోవును. ఇదే తీరున మేము తక్కిన మెట్లకును కట్టి చూచితిమి. మొదటి ఏట బోనసు లేక నున్నవానికి పోవునది 50. ఇరువది వంతు వానికి 80. ఇరువదియైదు వంతు వానికి 105. నలుబదియైదు, ఏబది వంతుల వారికి 125. మీ పాలసీలో బోనసు తీయకముందు ఎంత ప్రీమియము వ్రాసియున్నదో చూచి, ఈ వంతున హెచ్చవేసికొన్నచో మీ నష్టము తేలును. ప్రీమియముమీద నూటికి 18 చొప్పున జీఎస్‌టీ గలదు గాన దానినిగూడ కలుపుకొనవలెను.

మా వాని పూర్తి ప్రీమియము 12,000. కారు వెల ఏటేట తగ్గుకొలది ప్రీమియమును కొంత తగ్గును. ఏటికి పదవ వంతు తగ్గునని వేసికొనగా, అయిదేండ్లలో పోవు బోనసు సుమారు 12,800, పన్నుతో 15,000. కంపెనీ ఇచ్చునది 15,000. ఎడమచేత ఇచ్చి కుడిచేత పుచ్చుకొన్నట్లు సరిగా సరిపోయినది! పైగా సర్వేయరు కొరకు ఎదురుచూచుట, కాగితములు సమర్పించుట, కారులేక కొన్ని దినములు గడపుట అదనము. ప్రీమియము రేట్లకు 2007 జనవరి 1వ తేదీనుండి నిర్బంధము తొలగింపబడినది గాన కంపెనీకి కంపెనీకి తేడా యుండును. మీ అంకెలు వేరుగా వచ్చును; పద్ధతి మాత్రము ఇదే.

తరువాత వాడు ఇంకొక నమ్మకమైన డెంటింగు పనివానికి చూపించెను. అతడు బంపరు మార్చ నక్కరలేదనియు, పగులును వేడితో అతికి రంగు వేయవచ్చుననియు, దీపము మాత్రము క్రొత్తది కావలెననియు చెప్పి, మొత్తము 11,000కు ఒప్పుకొనెను. చేతి డబ్బు ఇచ్చినవాడు పాతది బాగగునా అని మొదట అడుగును. భీమా సొమ్ముతో చేయించునప్పుడు క్రొత్తది వేయుట అందరికిని సులువు. అతికిన బంపరు క్రొత్తదానివంటిది కాదని ఒప్పుకొందును. రెండవసారి దెబ్బకు ముందుగా అచ్చటనే విచ్చును. అయినను 7,000 చేతినుండి ఇచ్చి, 15,000 బోనసు పోగొట్టుకొని, మొత్తము 22,000 భరించుటకంటె 11,000తో పోవుట మేలని వాడు నిశ్చయించెను.

ఇక పాలసీలో జీరో డిప్రీసియేషను అను అదనపు హామీ తీసికొన్నవారి లెక్క వేరు. వారికి తరుగు తీయరు. మా ఉదాహరణములో అట్టివానికి 1,000 మాత్రమే చేతి ఖర్చు, 21,000 కంపెనీది. బోనసు 15,000 పోయినను మిగులు 6,000. అయితే అట్టి హామీలో ఏటికి ఇన్ని క్లెయిములే అను మితి తరచుగా ఉండును గాన చదివి చూచుకొనవలెను. బోనసును కాపాడు అదనపు హామీ కూడ కలదు; అది ఉన్నవాడు పై లెక్క అంతయు కట్టుట వృథా, మితికి లోబడి నిస్సంకోచముగా కోరవచ్చును. అట్లే ఆ ఏట ఇదివరకే ఒకసారి సొమ్ము పుచ్చుకొన్నవానికి బోనసు పోనే పోయినది. రెండవ దెబ్బకు తరుగు, మొదటి భాగము మాత్రమే లెక్కించిన చాలును.

ఇంతవరకు చెప్పినది చిన్న దెబ్బలను గూర్చి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు సందేహము పెట్టుకొనరాదు. ముందుభాగము నలిగినప్పుడు పైకి బంపరు మాత్రమే కనబడును. దాని వెనుక రేడియేటరు, ఏసీ కండెన్సరు, ఇనుప అడ్డదూలము, చట్రము ఉండును. బంపరు విప్పించి చూడక మునుపు “చేతి డబ్బుతో చేయింతును” అని మాట ఇయ్యరాదు. ఎయిర్‌బ్యాగు విచ్చినను, చక్రము వంగినను భీమా కంపెనీవారికే తెలుపవలెను. మరమ్మతు ఖర్చు కారునకు పాలసీలో వ్రాసిన వెలలో నూటికి 75 మించినచో, కారు పూర్తిగా నష్టమైనట్లే ఎంచి సొమ్ము ఇత్తురు. అప్పుమీద కొన్న కారైనచో ఆ సొమ్ము మొదట అప్పు ఇచ్చినవారికి చేరును.

వరదనీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వాన హైదరాబాదువారికి మరపునకు రాదు. వీధులలో కార్లు తెప్పలవలె తేలి కొట్టుకొనిపోయినవి. వరద నష్టము సామాన్య పాలసీలోనే చేరియున్నది. కాని నీటిలో నిలిచిన కారు తాళము త్రిప్పి నడపజూచినచో ఇంజను లోనికి నీరు పీల్చుకొని, లోపలి కడ్డీలు వంగి చెడును. అట్టి నష్టము వరదవలన గాక నడపినవాని చేతవలన కలిగినదని చెప్పి, ఇంజను రక్షణ యను అదనపు హామీ లేనివారికి కంపెనీవారు తరచుగా నిరాకరించుచున్నారు. మన రైతులకు దీనిని వివరింప నక్కరలేదు. బావిలో నీరు పొంగి మోటారు మునిగినప్పుడు, ఆరబెట్టించక మునుపే స్విచ్చి వేసి చుట్టను కాల్చుకొన్నవారు ప్రతి గ్రామమునను ఒకరిద్దరు ఉన్నారు. కారును అట్లే ముట్టక, ఫొటోలు తీసి, కంపెనీకి తెలిపి, మరియొక బండితో లాగించుకొని పోవలెను.

మనిషికి దెబ్బ తగిలినప్పుడు లెక్కలు కట్టుట తగదు. ముందు వైద్యశాలకు చేర్చవలెను, పిమ్మట పోలీసువారికిని కంపెనీకిని తెలుపవలెను. చట్టము 134వ విభాగము నడపువానిమీద ఈ విధి నుంచినది. రోడ్డు ప్రక్కన పది వేలు చేతిలో పెట్టి పంపి, మూడు మాసముల తరువాత ట్రైబ్యునలు నోటీసు అందుకొని, కంపెనీకి ముందుగా తెలుపనందున చిక్కుపడుట ఎవరికిని రాకూడదు. వేరొకరి బండి మాత్రమే గీసికొన్నప్పుడు ఇరువురును మాటలాడుకొని తీర్చుకొనుట ఆ ప్రాంతమున సామాన్యముగా జరుగుచున్నది. అందు తప్పు లేదు. కాని సొమ్ము ముట్టినట్లు ఇద్దరును రెండు పంక్తులు వ్రాసి సంతకములు చేయుట మంచిది.

మన సభ్యులకు మాత్రమే చెప్పవలసినది ఒకటి గలదు. సొంత కారు పాలసీలో అద్దెకు నడపుటకును, నమూనాలు, సొంత సామాను గాక సరకులు మోయుటకును హామీ లేదు. టమాటా పెట్టెలు వెనుక సీటునిండ పేర్చుకొని కూకట్‌పల్లి రైతుబజారునకు పోవుచు దెబ్బ తగిలించుకొన్నవాడు సొమ్ము కోరినచో, సర్వేయరు మొదట అడుగునది ఆ పెట్టెలను గూర్చియే. సరకునకు సరకుబండి వేరుగా నుండవలెను. అట్లే కుమారుని స్నేహితులను కూర్చుండబెట్టుకొని మనిషికింతయని పుచ్చుకొనుట కూడ కంపెనీ దృష్టిలో అద్దెయే కావచ్చును.

కొందరు షెడ్డువారు ఒక ఉపాయము చెప్పుదురు. రెండేండ్లుగా పడిన గీతలు, సొట్టలు అన్నియు ఒకే దినమున ఒకే ప్రమాదమున కలిగినట్లు వ్రాయించి సొమ్ము రాబట్టుదమందురు. ఇది అబద్ధము, సర్వేయరు తుప్పు చూచి పాత దెబ్బను గుర్తుపట్టును. ఒక్కొక ప్రమాదమును ఒక్కొక క్లెయిముగా ఎంచి, దేనికది మొదటి భాగము తీయుదురు. అంతకంటెను హానికరమైనది, సొమ్ము పుచ్చుకొన్న మరుసటి ఏట కంపెనీ మార్చి, “క్రిందటి ఏట ఏమియు కోరలేదు” అని వ్రాసి బోనసు పొందుట. కంపెనీలు ఒకదానినొకటి విచారించుకొనును. ఆ మాట అబద్ధమని తేలినచో కారు నష్టపు భాగమంతయు రద్దగునని పాలసీలోనే వ్రాసియున్నది. 800 రూపాయల తగ్గింపునకు ఆశపడి, ఎనిమిది లక్షల కారునకు హామీ పోగొట్టుకొనుట!

నిశ్చయము ఏదైనను, దెబ్బ తగిలిన దినముననే నాలుగు వైపులనుండి ఫొటోలు తీసి, తేదీ, చోటు, ఎట్లు జరిగినదో వ్రాసి పెట్టుకొనవలెను. కోరుటకు ఏ మాత్రము అవకాశమున్నను కంపెనీకి వెంటనే తెలుపవలెను. సర్వేయరు చూడక మునుపు మరమ్మతు చేయించినచో తరువాత నిరూపించుటకు ఆధారము మిగులదు. తెలుపుట వేరు, సొమ్ము పుచ్చుకొనుట వేరు. అంచనా చూచిన పిమ్మట లాభము లేదని తోచినచో కోరికను ఉపసంహరించుకొనవచ్చును. కాని ఉపసంహరించినట్లు కంపెనీవారి జవాబు వ్రాతలో తీసికొని భద్రపరుపవలెను. లేనిచో మరుసటి ఏట బోనసు విషయమున వాదన రావచ్చును. పాలసీ గడువు దాటి 90 దినములలోపల తిరిగి కట్టనిచో, ఏమియు కోరనివానికిని బోనసు పోవును. ఇది మరచి నష్టపడువారు ఎక్కువ. కారు అమ్మినను బోనసు అమ్మినవానిదే గాని కొన్నవానిది కాదు. కంపెనీనుండి పత్రము తీసికొని క్రొత్త కారునకు వాడుకొనవచ్చును. పాత కారు కొన్న సభ్యుడు 14 దినములలోపల పాలసీని తన పేరునకు మార్చుకొనుటకు వ్రాసికొనవలెను.

భీమా వ్యాపారమునకు నియమములు చేయు ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయము నానక్‌రామ్‌గూడలోనే యున్నది. మనవారి పిల్లలు దాని ముందరనుండియే దినదినము పోవుచున్నారు. కంపెనీ న్యాయము చేయలేదని తోచినప్పుడు మొదట కంపెనీవారికే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. ఒక మాసములో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సరిగా లేకున్నను, ఇన్స్యూరెన్సు అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. ఆ కార్యాలయమును హైదరాబాదులో గలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఒక సంవత్సరములోపల వ్రాయవలెను. పాలసీ, అంచనా, సర్వేయరు నివేదిక, జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు జతపరచిన చాలును.

చేవెళ్ళ సభ్యుడు అడిగిన కారు సంగతి: ఆ కారు రెండవ ఏటిది, బోనసు నూటికి 20, జీరో డిప్రీసియేషను హామీ గలది, డిక్కీ తలుపు మార్చవలసియుండి అంచనా 48,000 అయినది. ఆయనను సొమ్ము కోరుమనియే చెప్పితిని.